వరుసలో నిలబడ్డ సంచి

నేను పళ్ళ డాక్టరు దగ్గర నర్సుని. భయపడేవాళ్ళని బుజ్జగించి కుర్చీలో కూర్చోబెట్టడం, నోరు తెరిపించడం, తెరిచిన నోరు మూసుకోకుండా కబుర్లు చెప్పడం నా పని. ఏడాది పొడుగునా పరాయి నోళ్ళలోకి చూసీ చూసీ, ఏడాదికోసారి ఎవరి నోరూ చూడక్కర్లేని చోటికి వెళ్ళిపోతాను. వీపుకో సంచి, కాళ్ళకి బూట్లు, అంతే సరంజామా. "ఒక్కదానివే వెళ్ళి ఏం చూస్తావే?" అంటుంది మా అక్క. ఇద్దరం వెళ్తే సముద్రం రెండింతలు కనిపిస్తుందా అని అడుగుతాను. "పోనీ, ఎవరి జోలికీ పోకుండా చూసి రా" అంటుంది. నా చేతులు ఊరికే ఉండవని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఈసారి చూడాలనుకున్నది ఒక రేవు పట్నం. తెల్లవారాక రైలు దిగి, గది సంగతి సాయంత్రం చూసుకోవచ్చులే అని సంచి వీపున వేసుకుని నడక మొదలుపెట్టాను. కొత్త ఊళ్ళో నాకు ఒకటే పద్ధతి. దారి అడగను. నేల ఎటు పల్లమైతే అటు నడుస్తాను. రేవు ఉన్న ఊళ్ళో పల్లమంతా నీళ్ళ దగ్గరికే చేరుస్తుంది.

ముందు మోకులమ్మే వీధి వచ్చింది. నా నడుమంత లావు తాళ్ళు చుట్టలు చుట్టి దుకాణాల ముందు పెట్టారు. ఒక చుట్టలో పిల్లి ఒకటి కాపురం పెట్టి, పిల్లలకి పాలిస్తోంది. ఆ చుట్ట అమ్మకానికి కాదు కాబోలు, దుకాణదారు దాని పక్కనే ఓ గిన్నెలో నీళ్ళు కూడా ఉంచాడు. ఆ వీధి దాటితే ఇళ్ళు. అన్ని తలుపులకీ ఒకటే రంగు, ముదురు ఎరుపు. ఓడలకి వేయగా మిగిలిన రంగు ఇళ్ళకి చేరుతుందట. మొహానికి సబ్బు పూయించుకుని క్షౌరశాల గుమ్మంలో గాలికి నిలబడ్డ పెద్దమనిషి చెప్పాడు. నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. "మా ఊళ్ళో తాగొచ్చినవాడికి ఇల్లు దొరకదమ్మా" అని కూడా అన్నాడు. లోపల్నుంచి క్షురకుడు కేకేసేదాకా నాతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

చేపల వేలం షెడ్డు నేను వెళ్ళేసరికే ఖాళీ అయిపోయి, గొట్టంతో నేల కడుగుతున్నారు. బూట్లు తడవకుండా గోడవారగా నడిచి అవతలికి వచ్చాను. ఎదురుగా నీళ్ళు. ఆ నీళ్ళకి అవతల, చెయ్యి చాస్తే అందుతుందేమో అన్నంత దగ్గరగా ఒక దీవి, దాని మీద గుప్పెడు ఇళ్ళు. మనసు తేలికపడింది. ఇంత దూరం వచ్చింది దీనికోసమే అనిపించింది.

దీవికి వెళ్ళే లాంచీ ఎక్కే చోట ఒక వింత చూశాను. జెట్టీ మీద మండే ఎండలో పొడుగాటి వరుస ఉంది, వరుసలో మనుషులు లేరు. ఒక బుట్ట, దాని వెనక నూనె డబ్బా, దాని వెనక గొడుగు, ఒక చెప్పుల జత, తాడు కట్టిన పెట్టె, ఆ వెనక నీలం రంగు వలతాడుతో అల్లిన సంచి. మనుషులందరూ రేకుల నీడలో కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు.

"ఎవరి వస్తువు వాళ్ళ బదులు నిలబడుతుందమ్మా" అన్నాడు టీ కొట్టాయన. "వస్తువుకి ఎండ తగిలితే ఏం? మీ సంచి కూడా పెట్టేసి వచ్చి టీ తాగండి."

"ఎవరైనా పట్టుకుపోతే?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఈ జెట్టీ మీద ఒకరి వస్తువు ఇంకొకరు ముట్టుకోరమ్మా. అది మనిషి కింద లెక్క."

నా సంచిని ఆ నీలం సంచి వెనక నిలబెట్టి వచ్చి టీ తాగాను. పక్కన ఒక ఆవిడ కూర్చుని వల బాగుచేస్తోంది. మా పిన్ని వయసుంటుంది. చేతులు వల మీద, చూపు దీవి మీద. ముడి ఎక్కడ వెయ్యాలో చూడకుండానే వేస్తోంది. ఆ నీలం సంచి ఈవిడ అల్లిందేనని చూడగానే తెలిసింది. పలకరిద్దామనుకునేలోపు లాంచీ కూత వేసింది.

అందరూ లేచి ఎవరి వస్తువు దగ్గరికి వాళ్ళు నడిచారు. నేనూ నా సంచి తీసి వీపున వేసుకున్నాను. ఆవిడ కూడా లేచి, వల పక్కన పెట్టి, చీపురుపుల్లలా నిటారుగా వెళ్ళి సంచి పిడి పట్టుకుంది. జెట్టీకీ లాంచీకీ మధ్య బల్ల వేశారు. వరుస కదిలింది. బుట్ట వెళ్ళింది, డబ్బా వెళ్ళింది, గొడుగు వెళ్ళింది. ఆవిడ వంతు వచ్చింది. ఆవిడ కదల్లేదు. పిడి మీద చెయ్యి వణుకుతోంది. పాపం, బరువు మొయ్యలేకపోతోంది అనుకున్నాను.

"ఇలా ఇవ్వండి పిన్నిగారూ, నేను పట్టుకుంటాను" అని ఆవిడ చేతిలోంచి సంచి లాగేసుకుని గబగబా బల్ల ఎక్కేశాను. ఎవరి వస్తువూ ముట్టుకోకూడదని టీ కొట్టాయన ఇప్పుడే కదా చెప్పాడు! చెవికి వినపడింది, చేతికి వినపడలేదు. లాంచీలోకి దిగి, ఆవిడ వెనకే వస్తుందని చోటు చూసి సంచి సర్ది, ఇటు తిరిగాను. బల్ల తీసేశారు. ఆవిడ ఒడ్డునే నిలబడి ఉంది. చేతులు ఖాళీగా, ఇంకా పిడి పట్టుకున్నట్టే ఉన్నాయి.

"ఆగండి! ఆవిడ ఎక్కలేదు!" అని అరిచాను.

లాంచీలో అందరూ ఆ నీలం సంచి వంకే చూస్తున్నారు. చుక్కాని దగ్గరున్న సరంగు ఇటు తిరిగాడు. తెల్లటి మీసాలు, గొంతు మాత్రం పిల్లనగ్రోవిలా సన్నం.

"రేపమ్మ సంచి నీ దగ్గరికి ఎలా వచ్చింది, చెల్లెమ్మా?"

"సాయం చేద్దామని..."

"చేశావులే" అన్నాడు. "పోటు తిరుగుతోంది, నీళ్ళు వెనక్కి లాగుతున్నాయి. ఇప్పుడు వెనక్కి తిప్పలేను."

ఆ దారిలో ఆయన చెప్పింది ఇదీ. ఆవిడ కూతుర్ని దీవిలో ఇచ్చారు. కూతురికి పిల్ల పుట్టి రెండు నెలలు దాటింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, సముద్రపు గాలి తగలనివ్వద్దన్నారు డాక్టర్లు. కాబట్టి అమ్మమ్మే వెళ్ళాలి. అమ్మమ్మేమో లాంచీ ఎక్కలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి బల్ల జారి, ఒడ్డుకీ లాంచీకీ మధ్య సందులో పడిపోయింది. అప్పటి సరంగు జుట్టు పట్టుకుని పైకి లాగాడు. "ఆ సరంగు మా నాన్నే" అన్నాడు. అంతే, మళ్ళీ బల్ల మీద కాలు పెట్టలేదు. సముద్రం కూడు తింటూ సముద్రం మీద కాలు పెట్టని మనిషి ఊరు మొత్తానికి ఆవిడొక్కతే. మనవరాలు పుట్టిన మర్నాటి నుంచి రోజూ వచ్చి సంచి వరుసలో పెడుతుంది. లాంచీ వస్తుంది. ఆవిడ వంతు వస్తుంది. "రేపు వెళ్తాలే" అని సంచి తీసుకుని వెనక్కి వెళ్ళిపోతుంది. అందుకే రేపమ్మ.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా క్లినిక్కి ఇలాంటివాళ్ళు ఎంతమంది వస్తారో! గుమ్మం దాకా వస్తారు. తలుపు మీద చెయ్యి వేస్తారు. నొప్పి తగ్గిపోయిందండీ, రేపు వస్తాను అని దవడ పట్టుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ చేతులు నాకు బాగా తెలుసు. ఆ చెయ్యి కళ్ళ ముందు వణుకుతుంటే బరువు అనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మా అక్క ఊరికే అనదు.

"సాయంత్రం లాంచీలో పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను" అన్నాను.

"అది సరే. ముందు అవతల ఏం చెప్తావో చూసుకో" అన్నాడు సరంగు. "అక్కడ లాంచీ తాళ్ళు అందుకునేది ఆవిడ అల్లుడే."

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే అవతలి ఒడ్డు నుంచి కేక వినపడింది. మోకు అందుకోవడానికి నిలబడ్డ మనిషి నా ఒళ్ళో నీలం సంచి చూశాడు. మోకు సంగతి మర్చిపోయి ఇళ్ళ వైపు తిరిగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, "ఇదిగో, మీ అమ్మ వచ్చింది! అత్తయ్య వచ్చేసింది!" అని అరిచాడు. అన్నిటికంటే దగ్గరున్న ఇంటి తలుపు తెరుచుకుంది. పొత్తిళ్ళలో పిల్లని గుండెకి అదుముకుని ఒక అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. గాలికి పిల్ల మొహానికి చెయ్యి అడ్డం పెట్టి, నవ్వుతూ లాంచీ వైపు చూస్తోంది.

అందరూ దిగిపోయారు. చివరికి నేను దిగాను. అల్లుడు నన్ను చూడలేదు, నా వెనక చూశాడు.

మా డాక్టరు చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నన్నే ముందుకి తోస్తాడు. పన్ను తీసెయ్యాలండీ అని ఎంతమందికో చెప్పాను. ఆ అమ్మాయి గుమ్మం ముందు మాత్రం నీలం సంచి నేల మీద దించి, దాని పిడే సర్దుతూ నిలబడ్డాను.

"అమ్మేది?" అంది.

చెప్పాను. నేను సంచి లాక్కోవడం, బల్ల తీసెయ్యడం, అమ్మ ఒడ్డున ఉండిపోవడం, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి మొదట నవ్వింది. "మా అమ్మ చేతిలోంచి సంచి లాగేశారా?" అని మళ్ళీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. అల్లుడు ఏం చెయ్యాలో తోచక పిల్లని అందుకున్నాడు. "లోపలికి రండక్కా, గాలి" అంది ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని. నేను తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్ళాను. మంచినీళ్ళు ఇచ్చింది. అది ఇంకా కష్టంగా ఉంది.

చిన్న గది. కిటికీలకి గాలి రాకుండా గుడ్డలు కుక్కి ఉన్నాయి. ఉయ్యాల పక్కన నేల మీద కూర్చుని ఆ అమ్మాయి సంచి విప్పింది. అడుగున పాత దుప్పటి చింపి మెత్తగా ఉతికిన గుడ్డలు. వాటి మీద టోపీలు. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అన్నీ ఒకటే కుట్టు, ఒకటే పసుపుపచ్చ నూలుగుడ్డ. కానీ ఒకదాని కంటే ఒకటి కాస్త పెద్దది. మొదటిది నా పిడికిలికి తొడగొచ్చు. చివరిది కొబ్బరికాయకి పడుతుంది. ఆ అమ్మాయి వాటిని చాప మీద వరుసగా పేర్చింది. వాళ్ళమ్మ ఒడ్డున కూర్చుని, కంటితో చూడని తల ఎంత పెరిగి ఉంటుందో ఊహించుకుంటూ కుట్టింది. వెళ్ళలేకపోయినప్పుడల్లా ఇంకొంచెం పెద్దది కుట్టింది.

అన్నిటికంటే చిన్నదాన్ని తీసి పిల్ల తల మీద పెట్టి చూసింది ఆ అమ్మాయి. నడినెత్తి మీదే ఆగిపోయింది. చెవుల దాకా లాగబోతే పిల్ల మొహం చిట్లించింది. తీసేసింది.

"పొద్దుగూకే ముందు లాంచీ ఉందట. సంచి పట్టుకెళ్ళి అమ్మకి ఇచ్చేస్తానమ్మా" అన్నాను.

"వద్దక్కా. సంచి ఇక్కడే ఉండనివ్వండి." గొంతులో ఇప్పుడు ఏడుపు లేదు, కోపం ఉంది. "సంచి ఉంటే సంచే నిలబడుతుంది. మా అమ్మ నిలబడదు."

"మరి ఏం చెప్పను?"

ఆ చిన్న టోపీని మడిచి నా చేతిలో పెట్టింది. "ఇది ఇవ్వండి. సరిపోలేదని చెప్పండి. ఇంకేం చెప్పొద్దు."

తిరుగు ప్రయాణంలో నా దగ్గర నా సంచీ, జేబులో ఆ టోపీ. ఎండ దిగింది. రేవు మొత్తం ఎదురుగా ఉంది, క్రేన్లు, గోదాములు, మెట్లు మెట్లుగా ఎర్ర తలుపులు. ఏ ఊరినైనా అంత అందంగా చూసే అవకాశం మళ్ళీ రాదు. నేను సరిగ్గా చూడనే లేదు. చెప్పులో రాయిలా ఆ టోపీ ఒకటే గుర్తొస్తోంది. ఇంత చిన్న మాట చెప్పి ఒక మనిషిని ఎక్కడికి తోస్తున్నానా అని భయం వేసింది. చెప్పకపోతే? అప్పగించిన కబురు మింగెయ్యడానికి నేనెవరిని?

ఆవిడ జెట్టీ మీదే ఉంది. వల ముందు కూర్చుంది కానీ ముడులు వెయ్యడం లేదు. నేను దిగగానే నా చేతులు చూసింది.

"సంచేదమ్మాయ్?"

"మీ అమ్మాయి ఉంచేసుకుంది పిన్నీ. నాది తప్పు, అడక్కుండా లాక్కున్నాను."

"పోనీలే. అందాయిగా." ఆవిడ మొహం కొంచెం విప్పారింది. "టోపీలు చూసిందా? పెట్టిందా పిల్లకి?"

నేను జేబులోంచి తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇదెందుకు తెచ్చావు?"

"సరిపోలేదంది."

"సరిపోకపోవడమేంటి? అల్లుడు పిడికిలి బిగించి చూపించాడు, ఇంతే తల అని. ఆ కొలతే..." అంటూ ఆగిపోయింది. టోపీని పిడికిలికి తొడిగి చూసుకుంది. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపేశాడు. నాకు మాట్లాడాలని నోరు దురద పెట్టింది. మాట్లాడలేదు. ఆ రోజు మొత్తం మీద నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆఖరి లాంచీకి వస్తువులు వరుసలో చేరుతున్నాయి. ఒక డబ్బా, ఒక మూట, రెండు బుట్టలు. ఆవిడ లేచింది. టోపీ నడుం దగ్గర దోపుకుంది. వెళ్ళి, బుట్ట వెనక ఖాళీలో నిలబడింది. సంచి లేదు, గొడుగు లేదు, పెట్టడానికి చేతిలో ఏమీ లేదు. మనిషే నిలబడింది. నీడలో కూర్చున్నవాళ్ళు ఇటు తిరిగారు. ఎవరూ నవ్వలేదు. నేను నా సంచి తీసుకెళ్ళి ఆవిడ వెనక పెట్టి, నీడలోకి వెళ్ళకుండా నేనూ నిలబడ్డాను.

కూత వేశారు. బల్ల వేశారు. బుట్టలు వెళ్ళాయి. ఆవిడ వంతు వచ్చింది. పొద్దున చూసిన చెయ్యే, అదే వణుకు.

"ఏం కాదని చెప్పమ్మాయ్" అంది, కళ్ళు మూసుకుని.

మా క్లినిక్లో ఒక పద్ధతి ఉంది. నొప్పి ఉండదు అని ఎవరికీ చెప్పం. ఒకసారి అబద్ధమాడితే ఆ మనిషి మళ్ళీ నోరు తెరవడు. "బల్ల ఊగుతుంది పిన్నీ" అన్నాను. "కింద సందు ఉంది, నీళ్ళు కనబడతాయి. ఊగే ముందు చెప్తాను. భయం వేస్తే నా చెయ్యి నలిపెయ్యండి, విరిగినా ఫర్వాలేదు, సెలవులో ఉన్నాను."

ఆవిడ ముందుకి వచ్చి రెండు చేతులూ ఇచ్చాను. వెనక్కి వెనక్కి నడుస్తూ ఎక్కాను. ఇప్పుడు ఊగుతుంది అన్నాను, ఊగింది. ఆవిడ నా వేళ్ళు నలిపేసింది. వల అల్లే చేతులు కదా, నా తలప్రాణం తోకకొచ్చింది. సరంగు చుక్కాని వదిలేసి వచ్చి బల్లని రెండు కాళ్ళతో తొక్కి పట్టి నిలబడ్డాడు. వాళ్ళ నాన్న కూడా ఇలాగే నిలబడేవాడేమో. ఆవిడ కాలు లాంచీలో పడగానే అక్కడే కూలబడి, నా మోకాలికి తల ఆనించి, అవతలి ఒడ్డు దాకా కళ్ళు తెరవలేదు. "ఇంకెంత?" అని అడుగుతూనే ఉంది. ఉన్న దూరం ఉన్నట్టు చెబుతూనే ఉన్నాను. సగం దారిలో నా సంచి గుర్తొచ్చింది. రెండు చేతులూ ఆవిడకిచ్చి ఎక్కాను కదా, అది జెట్టీ మీదే, వరుసలో ఉండిపోయింది.

"ఇదే ఆఖరి లాంచీ. రాత్రికి ఇది దీవిలోనే ఉంటుంది" అన్నాడు సరంగు. "నీ సంచికేం భయం లేదు చెల్లెమ్మా. పొద్దున వరుసలో నువ్వే మొదటిదానివి."

అల్లుడు ఈసారి కేక వెయ్యలేదు. మోకు అందుకుని, ఇంటి వైపు చెయ్యి ఊపాడు. ఆవిడ దిగి, ఎవరి వంకా చూడకుండా తిన్నగా ఆ గుమ్మంలోకి నడిచింది. కూతురు "అమ్మా" అంది. ఆవిడ నడుం దగ్గరి టోపీ తీసింది.

"ఎక్కడ బిగుతో చూపించు. కుట్టు విప్పి వదులు చేస్తాను."

పిల్ల తల మీద తనే పెట్టింది. నడినెత్తి మీద ఆగింది. వేళ్ళతో మెల్లగా లాగి చూసింది. తల చుట్టూ అరచెయ్యి పెట్టి కొలిచింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఇది అసలు ఎప్పుడైనా సరిపోయేదంటావా?" అంది.

"పుట్టినప్పుడు వదులుగా ఉండేదమ్మా" అంది కూతురు.

ఆవిడ ఏడ్చింది. దాచుకోకుండా, పిల్లని ఒళ్ళో వేసుకుని, అందరి ముందూ ఏడ్చింది. కూతురు పక్కన కూర్చుని అమ్మ భుజం మీద తల పెట్టుకుంది. నాకూ కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి గుడ్డ నా సంచిలో ఉంది, సంచేమో అవతల ఒడ్డున ఉంది. చాప మీది టోపీల్లోంచి ఒక పెద్దదాంతో తుడుచుకున్నాను, ఎవరూ చూడలేదు.

దీపం పెట్టాక, అందరం కుదుటపడ్డాక, కూతురు భయం భయంగా అడిగింది. "ఎప్పుడు వెళ్ళిపోతావమ్మా?"

ఆవిడ నాలుగో టోపీ పిల్లకి తొడిగి, అది సరిపోయిందో లేదో వెనక్కి జరిగి చూసుకుంటోంది.

"రేపు వెళ్తాలే" అంది.

అల్లుడు నా వైపు చూశాడు, నేను అల్లుడి వైపు చూశాను. కూతురు లేచి అమ్మకి పక్క వెయ్యడానికి లోపలికి వెళ్ళింది.